‘చంపింది’ అనాలా, ‘చంపాడు’ అనాలా: ఫ్రాంకెన్‌స్టైన్ మీద ఒక పీజీ వ్యాసం దిద్దిన కేసు

నేపథ్యం

ఎం.ఏ. ఇంగ్లిష్ చివరి సెమిస్టర్ విద్యార్థిని. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ప్రాజెక్టు వ్యాసానికి మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఎంచుకుంది. ప్రశ్న పాతదే: విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన జీవి హంతకుడైంది పుట్టుక వల్లా, పెంపకం లేకపోవడం వల్లా? ఆ హత్యల పాపం ఎవరిది? వ్యాసం ఇంగ్లిష్‌లో, మూడు వేల పదాలు. గడువు ఆరు వారాలు. ఆమెను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను.

ఇదే ప్రశ్న మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే చోట ఇరుక్కుంటాయి. ఈ వ్యాసమూ అక్కడే ఇరుక్కుంది. బయటపడిన దారి మాత్రం తెలుగు వల్ల దొరికిన దారి. ఈ కేసు రాసి పెడుతున్నది అందుకే.

మొదటి డ్రాఫ్ట్

ఆమె నవలను రెండుసార్లు చదివి వచ్చింది. శ్రద్ధలో లోటు లేదు. డ్రాఫ్ట్ నిండా కొటేషన్లే: ముప్పై ఒకటి. జీవి మంచుకొండ మీద విక్టర్‌తో చెప్పే మాట, తాను మంచివాడినేననీ, దుఃఖమే తనను దుర్మార్గుణ్ణి చేసిందనీ అనేది, నాలుగు చోట్ల వచ్చింది. ముగింపు ఒక్క పేరాలో తేలిపోయింది: సమాజం వెలివేసింది, సృష్టికర్త వదిలేశాడు, కాబట్టి హత్యలన్నిటికీ విక్టరే బాధ్యుడు.

సూటిగా అడిగితే ఆమె చెప్పిన జవాబు కూడా అదే. “సార్, తల్లీ తండ్రీ లేకుండా, పేరు కూడా పెట్టకుండా వదిలేస్తే ఎవరైనా అలాగే అవుతారు కదండీ.”

జాలిగల మనసు నుంచి వచ్చిన మాట ఇది, అందులో నిజం కూడా ఉంది. కానీ మనిషి ఎలా అలా తయారయ్యాడు అనేది ఒక ప్రశ్న, చేసిన పనికి జవాబుదారీ ఎవరు అనేది ఇంకో ప్రశ్న. డ్రాఫ్ట్ మొదటిదానికి జవాబు చెప్పి, రెండోదానికి కూడా చెప్పేశానని అనుకుంది. ఇంగ్లిష్‌లో కారణానికీ తప్పు మోయడానికీ ‘responsible’ అనే ఒకే మాట సరిపోతుంది కాబట్టి ఆ జారుడు కంటికి కనపడదు.

ముందు తేల్చిన చిన్న పనులు

అసలు జబ్బుకు మందు వెతికే ముందు మూడు తప్పులు సరిచేయాల్సి వచ్చింది.

ఒకటి, ప్రతి. ఈ నవలకు రెండు ముఖ్యమైన రూపాలున్నాయి: 1818లో రచయిత్రి పేరు లేకుండా మూడు సంపుటాలుగా వచ్చినది, 1831లో ఆమె స్వయంగా మార్చి రాసినది. విద్యార్థిని చేతిలో ఉన్న చవక ముద్రణ 1831ది. ఆమె ఆధారపడిన విమర్శ వ్యాసం 1818 ప్రతి మీద రాసినది. ఈ అంశానికి ఆ తేడా ప్రాణం లాంటిది, ఎందుకంటే విధి గురించిన బరువైన మాటలు కొన్ని 1831లో చేర్చినవి. చిన్నప్పుడే విధి తన నాశనాన్ని నిర్ణయించేసిందని విక్టర్ అనుకోవడం వాటిలో ఒకటి. వాటిని 1818 నవల అభిప్రాయంగా చూపిస్తే వాదన కూలిపోతుంది. ఏ ప్రతో తెలుసుకోవడానికి ఒక గుర్తు చాలు. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ అతనికి మేనత్త కూతురైతే అది 1818. ఇటలీలో కోమో సరస్సు దగ్గర ఒక పేద రైతు ఇంట్లో దొరికిన అనాథ అయితే 1831. అధ్యాయాల అంకెలు కూడా చూసుకోవాలి: 1831లో 24 అధ్యాయాలు వరసగా ఉంటాయి, 1818లో ప్రతి సంపుటానికీ అంకె మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆమె 1831కే కట్టుబడింది. ఈ రాతలో అధ్యాయాల అంకెలు కూడా దానివే.

రెండు, మెదడు. డ్రాఫ్ట్‌లో ఒకచోట ‘నేరస్థుడి మెదడు పెట్టడం వల్ల’ అని ఉంది. అది 1931 నాటి హాలీవుడ్ సినిమా నుంచి వచ్చింది. సినిమాలో సహాయకుడు మంచి మెదడున్న జాడీ పగలగొట్టి, చెడ్డ మెదడు పట్టుకొస్తాడు. నవలలో సహాయకుడే లేడు, మెదడు మార్పిడీ లేదు. శవాల కోత గది నుంచీ, కబేళా నుంచీ సామగ్రి తెచ్చుకున్నానని విక్టర్ చెబుతాడు. పుట్టుకతోనే చెడ్డవాడు అనే వాదనకు ఆ సినిమా పెద్ద ఊతం ఇస్తుంది, నవల ఇవ్వదు.

మూడు, లెక్క. ‘ఐదు హత్యలు’ అని రాసింది. జీవి తన చేతులతో చంపింది ముగ్గురిని: విక్టర్ తమ్ముడు విలియం, స్నేహితుడు క్లెర్వల్, భార్య ఎలిజబెత్. విక్టర్ ఇంట్లో పెరిగిన పనిపిల్ల జస్టీన్‌ను విలియం హత్య నేరం మీద ఉరి తీసింది న్యాయస్థానం, దాని వెనక జీవి పన్నిన కుట్ర ఉంది. విక్టర్ తండ్రి దుఃఖంతో పోయాడు. బాధ్యత గురించి రాసే వ్యాసంలో ఈ మూడు రకాల చావులను ఒకే మూటగా కట్టకూడదు.

పనిచేయనివి

మొదటి ప్రయత్నం, నేపథ్య పఠనం. మేరీ షెల్లీ ఈ నవల రాస్తున్న 1816లోనే ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్‌ను చదివింది. మనసు మొదట తెల్ల కాగితమని, అనుభవమే దాని మీద రాస్తుందని లాక్ అన్నాడు. ఇంకో తత్వవేత్త రూసో 1762లో పెంపకం మీద ‘ఎమిల్’ ప్రచురించాడు, కానీ తన ఐదుగురు పిల్లలను అనాథ శరణాలయానికి పంపాడు. మేరీ తండ్రి విలియం గాడ్విన్, మనుషుల గుణం పరిస్థితుల వల్లే తయారవుతుందని వాదించినవాడు. నవల అంకితం ఆయనకే. ఇవన్నీ తెలిస్తే వాదనకు పునాది దొరుకుతుందని అనుకున్నాం.

దొరకలేదు. రెండో డ్రాఫ్ట్‌లో మొదటి మూడు పేజీలు తత్వవేత్తల పరిచయంతో నిండిపోయాయి, నవల నాలుగో పేజీలో గానీ రాలేదు. పైగా ఆమె లాక్ చట్రాన్ని జీవి మీద బలవంతంగా బిగించింది: తెల్ల కాగితం మీద సమాజం నల్ల సిరా పోసింది, అంతే. నవల అలా లేదు. 12వ అధ్యాయంలో జీవి, తాను చాటు నుంచి గమనిస్తున్న డి లేసీ అనే పేద కుటుంబం తిండి రాత్రిపూట దొంగిలించి తింటుంటాడు. వాళ్లే పస్తులుంటున్నారని కనిపెట్టగానే మానేసి, అడవి పళ్లూ గింజలూ దుంపలతో సరిపెట్టుకుంటాడు. రాత్రుళ్లు వాళ్ల పనిముట్లతోనే కట్టెలు కొట్టి గుమ్మం దగ్గర పెడతాడు. అప్పటికి అతనికి భాషే సరిగా రాదు. ఈ జాలి ఎవరు నేర్పారు? తెల్ల కాగితం దీనికి జవాబు చెప్పదు. సిద్ధాంతం ముందు చదివించడం వల్ల ఆమె ఈ సన్నివేశాన్ని సిద్ధాంతానికి అడ్డమని పక్కన పెట్టేసింది. తప్పు వరసదే. నవలలో ముడి కనపడ్డాకే లాక్ అవసరం వస్తుంది.

రెండో ప్రయత్నం, క్లాసులో కోర్టు. విక్టర్ ఒక ముద్దాయి, జీవి ఒక ముద్దాయి, ఇరువైపులా వకీళ్లు. ఉత్సాహంగా జరిగింది, అందరూ మాట్లాడారు. ఆ తర్వాత వచ్చిన మూడో డ్రాఫ్ట్ ముగింపు: తప్పు చెరిసగం.

ఇది మొదటిదానికన్నా బలహీనం. బాధ్యత అన్నదమ్ములు పంచుకునే ఎకరం పొలం కాదు, ఒకరికి ఎక్కువైతే ఇంకొకరికి తగ్గడానికి. విక్టర్ వదిలేసి పారిపోవడం పూర్తిగా విక్టర్ తప్పు. ఎలిజబెత్ గొంతు నులమడం పూర్తిగా నులిమినవాడి తప్పు. ఒకటి రెండోదాన్ని తగ్గించదు. కోర్టు ఆట మనిషి మీద ఒక్క తీర్పు అడుగుతుంది కాబట్టి ఆమె మనిషికి మార్కులు వేసింది. నవల పనుల వారీగా ఆలోచించమంటోంది.

మలుపు

నాలుగో వారంలో తీసుకున్న నిర్ణయం: ఇంగ్లిష్ డ్రాఫ్ట్ మూసేసి, కథలో జీవి చేసిన పనులను తెలుగులో రెండు పేజీలు రాసుకు రావడం. కొటేషన్లు లేవు, విమర్శకులు లేరు. ఆమె ఇంగ్లిష్ వాక్యాలు అరువు తెచ్చుకున్నవిగా వినిపించేవి. ఆమె సొంతంగా ఏమనుకుంటోందో వాటిలో తెలియడం లేదు. కారణం అంతకుమించి ఏమీ లేదు.

తెచ్చిన రెండు పేజీల్లో క్రియలే మాట్లాడాయి. ‘కట్టెలు కొట్టి పెట్టాడు.’ ‘నదిలో కొట్టుకుపోతున్న అమ్మాయిని కాపాడాడు.’ ‘ముసలాయనతో మాట్లాడాడు.’ ఇంకోవైపు: ‘ఇల్లు తగలబెట్టింది.’ ‘విలియంను చంపింది.’ ‘క్లెర్వల్‌ను చంపింది.’

మంచి పని చేసినప్పుడు మనిషి, చెడ్డ పని చేసినప్పుడు జంతువు. ఆమె కావాలని రాయలేదు. తెలుగులో ప్రతి క్రియ దగ్గరా ‘అతనా, అదా’ తేల్చుకోక తప్పదు, ఆ తేల్చుకోవడం ఆమెకు తెలియకుండానే జరిగిపోయింది. ఇంగ్లిష్ క్రియకు ఆ తోక లేదు కాబట్టి మూడు డ్రాఫ్టుల్లోనూ ఇది దాగి ఉంది.

ఎర్ర పెన్నుతో ఆ క్రియల కింద గీత గీసి ఇవ్వడం తప్ప వేరే వ్యాఖ్య రాయలేదు. ఆమె చాలాసేపు చూసి, “ఎద్దు పొడిస్తే ఎద్దును తప్పుపట్టం కదండీ” అంది. జాలిపడి జీవి మీద నేరం మోపకూడదని అనుకున్నప్పుడల్లా తాను అతన్ని ‘అది’ చేస్తున్నానని ఆమెకు అప్పుడు అర్థమైంది. బాధ్యత తీసేయడం అంటే మనిషితనం తీసేయడం. విక్టర్ చేసిందీ అదే కదా, ప్రాణం వచ్చిన మొదటి రాత్రే.

మొత్తం ‘-డు’ పెట్టి తిరగ రాయడమే తర్వాతి పని. ‘విలియంను చంపాడు’ అని రాసిన చేత్తో ఎందుకు చంపాడో రాయక తప్పలేదు.

పనివారీ పట్టిక

ఆ తర్వాత కట్టింది ఒక పట్టిక. ఒక్కో పనికీ నాలుగు గడులు: ఆ క్షణానికి అతనికి ఏం తెలుసు, వేరే ఏం చేయగలిగేవాడు, చేశాక ఏమనుకున్నాడు, ఈ సంగతి మనకు ఎవరి నోట వస్తోంది.

ముఖ్యమైనది మొదటి గడి. తిండి దొంగతనం అప్పుడు దాని ఫలితం తెలియదు, తెలియగానే మానేశాడు. 13వ అధ్యాయంలో డి లేసీ ఇంటి కొడుకు ఫీలిక్స్ చదివి వినిపించే చరిత్ర చాటు నుంచి విన్నప్పుడు, మనిషి తోటి మనిషిని ఎలా చంపుతాడో, అసలు చట్టాలెందుకో చాలాకాలం అతనికి అంతుపట్టదు. అంటే హత్య చెడ్డదని ఎవరూ చెప్పకముందే తెలుసు. 15వ అధ్యాయంలో ఫీలిక్స్ కర్రతో బాదుతుంటే అతన్ని చీల్చేయగల బలం ఉండి కూడా చెయ్యెత్తడు. ఈ గడి చాలా విలువైనది. తనను తాను ఆపుకోగలడని నవల ఇక్కడ సాక్ష్యం పెట్టింది. 16లో ఇల్లు తగలబెట్టడానికి చుట్టూ ఎండు సామాను పేర్చి, చంద్రుడు అస్తమించేదాకా ఆగాడు. అది ఆవేశం కాదు.

జస్టీన్ విషయం ఇంకా తీవ్రం. నిద్రపోతున్న ఆమె బట్టల్లో విలియం మెడలోని చిన్న చిత్రపటాన్ని పెడుతూ, ఫీలిక్స్ పాఠాలూ మనుషుల క్రూర చట్టాలూ తనకు కీడు చేయడం నేర్పాయని అంటాడు. నిర్దోషులను న్యాయస్థానం ఎలా నాశనం చేస్తుందో అతను డి లేసీ కుటుంబం కథ విని తెలుసుకున్నాడు. ఆ కథకు అంతకుముందు బాధపడ్డవాడు ఇప్పుడు దాన్నే ఆయుధం చేసుకున్నాడు.

ఇక్కడే ఆమె వాదన పుట్టింది. అతనికి దొరికిన కాస్త చదువూ సంస్కారమూ అతని బాధ్యతను తగ్గించలేదు, పెంచాయి. వరసగా చూస్తే, తెలిసేకొద్దీ జవాబుదారీతనం గడి గడికీ బరువెక్కుతుంది. పెంపకాన్ని సాకుగా చూపే మొదటి డ్రాఫ్ట్‌కు ఇది సరిగ్గా ఎదురు. అయినా విక్టర్ తప్పు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. జస్టీన్ విచారణలో అసలు హంతకుడెవరో తనకు తెలిసీ, ఎవరూ నమ్మరని నోరు మూసుకున్నవాడు అతను. తనకన్నా ఆనందంగా బాల్యం గడిపినవాళ్లు ఉండరని చెప్పుకున్నదీ అతనే.

జస్టీన్ గడి చూసి ఆమె సొంతంగా ఇంకొకటి పట్టుకుంది. కన్నతల్లి ఈసడించుకుంటే పరాయి ఇంట్లో పెరిగిన జస్టీన్ మంచిదే అయింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ ఆమెకు వర్తించదు. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ జీవికి వర్తించదు. రెండు సామెతలూ నవలలో ఓడిపోతాయి. అదే జస్టీన్, చెరసాలలో పాద్రీ బెదిరిస్తుంటే, అతను అన్నట్టు తాను నిజంగానే రాక్షసినేమో అనుకునే స్థితికి వచ్చి, చేయని నేరం ఒప్పుకుంటుంది. పదేపదే ఒక పేరుతో పిలిస్తే మనిషికి ఏమవుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ నవలలో లేదు.

నాలుగో గడి వల్ల ఒక జాగ్రత్త వచ్చింది. జీవి కథ విక్టర్ నోట, విక్టర్ కథ నావికుడు వాల్టన్ రాతలో మనకు చేరుతుంది. ఆ రాతను విక్టర్ చూసి, తానే దిద్ది, పెంచాడు. మనం జీవి మాటలు శత్రువు దిద్దిన కాగితంలో చదువుతున్నాం. విలియం హత్యను చూడండి: నువ్వే నా మొదటి బలి అని అంటాడు, వెంటనే నోరు మూయించడానికి గొంతు పట్టుకున్నానంటాడు. సంకల్పమూ ప్రమాదమూ ఒకే చోట. ఇది తేల్చేయకుండా, రెండూ ఉన్నాయని రాయడమే నిజాయితీ అని నిర్ణయించాం.

రూపం ఎక్కడ లెక్క వేయాలి?

పట్టికలో ఇమడని ఒక చిక్కు మిగిలింది. ఎనిమిది అడుగుల ఎత్తు, భయపెట్టే ముఖం పుట్టుకా, పెంపకమా? శరీరం పుట్టుకే. కానీ దాని ఫలితమంతా ఎదుటివాడి కళ్లలోంచి వస్తుంది. నవల దీన్ని రెండు సన్నివేశాల్లో పరీక్షిస్తుంది. గుడ్డివాడైన ముసలి డి లేసీ అతనితో మర్యాదగా, ఆదరంగా మాట్లాడతాడు. చూపు తీసేస్తే మనిషి కనపడ్డాడు. రెండోది విలియం. ఇంత చిన్న పిల్లవాడికి వికార రూపం మీద అసహ్యం ఇంకా ఎవరూ నేర్పి ఉండరనుకుని జీవి అతన్ని పెంచుకోవాలని పట్టుకుంటాడు. పిల్లవాడు కెవ్వున అరిచి రాక్షసుడా అంటాడు. ఆ భయం పుట్టుకతో వచ్చిందా, అప్పటికే నేర్చుకున్నదా? నవల చెప్పదు. పుట్టుక, పెంపకం ప్రశ్న జీవికే కాదు, అతన్ని చూసే పిల్లవాడికీ వర్తిస్తుందని ఆమె రాసిన పేరా వ్యాసంలో అన్నిటికన్నా బాగా వచ్చింది. లాక్‌నూ రూసోనూ తిరిగి తెచ్చింది ఇక్కడే, నాలుగు వాక్యాల్లో.

చివరి రూపం

కొటేషన్లు పద్నాలుగుకు తగ్గాయి. నాలుగుసార్లు వాడిన మంచుకొండ మాట ఒక్కసారే మిగిలింది, అది కూడా ముద్దాయి వాదనగా. దాని స్థానంలో ఆధారమైంది 24వ అధ్యాయంలో విక్టర్ శవం దగ్గర జీవి చెప్పే వాక్యం: తనకు వేరే దారి లేకపోయిందని, తాను ఇష్టపడి ఎంచుకున్న దానికే తన స్వభావాన్ని మలుచుకున్నానని. దారి లేదు, ఇష్టపడి ఎంచుకున్నాను, రెండూ ఒకే ఊపిరిలో. మొదటి డ్రాఫ్ట్‌లో ఆమె ఈ వాక్యాన్ని సగానికి కోసి, మొదటి సగమే వాడింది. కోసిన కొటేషన్ దొరికితే, మిగతా సగం ఎక్కడ పోయిందో వెతకడం దిద్దేవాళ్లకు మంచి అలవాటు.

ఇలాంటి పని మళ్లీ వస్తే తత్వవేత్తలను చివరికి నెట్టి, తెలుగు రెండు పేజీలను మొదటి వారంలోనే రాయిస్తాను. అప్పుడు మూడు వారాలు మిగులుతాయి. పట్టికలో విక్టర్ పనులకూ సమానంగా వరసలు పెట్టాలి. ఈసారి జీవికి తొమ్మిది, విక్టర్‌కు నాలుగే వచ్చాయి, దాంతో వ్యాసం రెండో సగంలో కొంచెం జీవి మీదకే ఒరిగింది.

వైవాలో పరీక్షకుడు ఒకటే గట్టి ప్రశ్న అడిగారు: జీవి తనకు తోడు కావాలని అడిగితే, విక్టర్ స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవిలో సగం చేసి ముక్కలు చేసిన ఆడ జీవి సంగతేమిటి? 20వ అధ్యాయంలో విక్టర్ తర్కం ఇది: ఆమె మొదటివాడికన్నా వేల రెట్లు దుర్మార్గురాలు కావచ్చు, తాను పుట్టకముందు జరిగిన ఒప్పందానికి ఆలోచించగల ఆమె ఒప్పుకోకపోవచ్చు. ఆమె పుట్టుక పూర్తి కాలేదు, పెంపకం మొదలు కాలేదు, పని ఏదీ చేయలేదు. అయినా తీర్పు అమలైంది. విద్యార్థిని ఆ ప్రశ్నకు వైవాలో సరైన జవాబు చెప్పలేకపోయింది.

సమర్పించే ప్రతికి అనుబంధంగా పెట్టిన పట్టికలో తర్వాత ఆమె పెన్నుతో చివరి వరస ఒకటి చేర్చింది. నాలుగు గడులూ ఖాళీ. ఎడమ పక్క ఎవరు అనే చోట ముందు ‘అది’ అని రాసి, కొట్టేసి, ‘ఆమె’ అని రాసింది.